వార్డెన్ సార్ రాసుకున్న పేర్లు

చిత్తూరులోని మన క్రైస్తవ హాస్టల్‌లో 1978లో ఆరో తరగతిలో చేరి 1983లో పదో తరగతి పాసై బయటికొచ్చిన బ్యాచ్ మాది. మా కాలంలో చింతచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కే హాస్టల్‌కి గడియారం. పొద్దున ఐదింటికి అది మోగితే ఇంక పక్క మీద ఉండేవాళ్లెవరూ లేరు. వేకువ ప్రార్థన, స్టడీ, బావి దగ్గర స్నానాలు, రాగి సంకటి, బడి, అన్నీ ఆ మోతను బట్టే నడిచేవి. ఆ క్రమశిక్షణ గురించి మన పూర్వ విద్యార్థుల ఈ సంచికలో చాలామంది రాస్తారు. అది దేనికోసమో తన బతుకుతో చూపించిన మా వార్డెన్ సార్ గురించి నేను రాస్తాను. పేరు అవసరం లేదు, మా బ్యాచ్ వాళ్లందరికీ ఆయన వార్డెన్ సారే.

సార్‌కి వయసులో ఉండగా క్షయ వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చాలాకాలం ఉన్నారు. 1915లో మొదలైన ఆసుపత్రి అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనిపెట్టినా, మన పల్లెటూరి రోగి దాకా ఆ మందు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. అంతవరకూ మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇదే వైద్యం. వరండాలో మంచం మీద కదలకుండా పడుకోవడమే పని అని సార్ చెప్పేవారు. “నాతో చేరినోడు పక్క మంచం మీదనే పోయినాడు నాయనా. నేను లేచి ఇంటికొచ్చినాను. అప్పటి నుంచి ఏ దినమూ నాదని అనుకోలా” అనేవారు. ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతులో దిగులు ఉండేది కాదు, ఏదో అప్పు లెక్క చెబుతున్నంత స్పష్టంగా చెప్పేవారు. ఆయన టేబుల్ పైన గోడ మీద నీలం రంగుతో బైబిల్లోని 90వ కీర్తన 12వ వచనం రాసి ఉండేది: “మాకు జ్ఞానహృదయము కలుగునట్లుగా చేయుము, మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము.”

సార్ దగ్గర పని ‘రేపటికి’ ఉండేది కాదు. బియ్యం, రాగులు, కందిపప్పు, చెనక్కాయల నూనె ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఆ పూటకాపూటే స్టాకు రిజిస్టర్‌లో ఎక్కేది. ఉత్తరాలకు జవాబులు వచ్చిన రోజే రాసేవారు. సాయంత్రం నాలుగున్నరకల్లా టేబుల్ మీద కాగితం కనిపించేది కాదు. ఇదంతా ఎందుకంటే, ఐదు నుంచి ఆరున్నర దాకా ఆయన చింతచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఎదురుగా ఒక ఖాళీ బెంచీ. ఆ వేళలో ఆయనకు ఏ పనీ ఉండకూడదు. ఎవరైనా రావచ్చు.

వచ్చేవాళ్లు కూడా. బంగారుపాళ్యం వైపు నుంచి కొడుకుని చూడ్డానికొచ్చిన తల్లి, మనియార్డరు ఫారం నింపించుకోవాలని వచ్చే బెల్లం మండీ హమాలీ, ఇంటి మీద బెంగపెట్టుకున్న ఆరో తరగతి పిల్లోడు. దూరంగా నిలబడి తటపటాయించేవాణ్ణి చూసి “ఏమప్పా, అట్ల నిలబడుకోనుండావే? రా, కూచో” అని ఆయనే పిలిచేవారు. మధ్యలో చేతి గడియారం చూసుకోవడం నేనెన్నడూ చూడలేదు. రాత్రి పడుకునే ముందు పొడుగాటి నోటుపుస్తకం తీసి ఆ రోజు వచ్చినవాళ్ల పేర్లు రాసుకునేవారు, ఒక్కో పేరూ వేలితో చూపించుకుంటూ ప్రార్థన చేసేవారు. ఆ రోజు తాను ఏం చేశారో అందులో ఒక్క ముక్కా ఉండేది కాదు. లాంతరు వెలుతురులో నేను ఆ పుస్తకం చూశాను. కొన్ని చోట్ల పేరు తెలియక ‘ఎర్ర తువ్వాల పెద్దాయన’, ‘మురకంబట్టు పాలమ్మి’ అని ఉంది.

తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) వస్తే వేలూరు వైపు నుంచి తమిళ యాత్రికులు పసుపు బట్టలు కట్టుకుని, గోవింద నామం చెప్పుకుంటూ మన ఊరి మీదుగా తిరుమలకు నడిచి వెళ్తారని మీకు తెలుసు. ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో ఉండగా ఒక పెద్దాయన మన గేటు దగ్గర కూలబడిపోయాడు. పాదాలు బొబ్బలెక్కి చితికి ఉన్నాయి. సార్ మమ్మల్ని ఇద్దర్ని లేపి కుండ నీళ్లు, ఉప్పు తెమ్మన్నారు. గోరువెచ్చటి ఉప్పునీళ్లతో ఆ పాదాలు తానే కడిగారు, గుడ్డతో అద్దారు, మందు రాసి కట్టుకట్టారు. అరవంలో ఆయన ఇంటి కబుర్లు అడిగారు. అన్నం పెట్టించి, రాత్రికి వరండాలో పడుకోబెట్టారు. పొద్దున్నే ఆయన గోవిందా అంటూ లేస్తే సార్ గేటు దాకా వెళ్లి సాగనంపారు.

మాలో ఒకడు ధైర్యం చేసి అడిగాడు: “సార్, స్టడీ అవర్ పోయింది కదా, మీరే టైము వేస్టు చెయ్యొద్దంటారు?” ఆ రాత్రి ప్రార్థనలో సార్ మార్కు సువార్త 5వ అధ్యాయం తీశారు. యూదుల ప్రార్థనాస్థలానికి, అంటే సమాజమందిరానికి, అధికారి అయిన యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. యేసు ప్రభువు వెళ్తున్నది అంత అర్జంటు పని మీద. దారిలో 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ ఆయన వస్త్రం ముట్టుకుంది. ఆయన ఆగారు. ఆమె వచ్చి తన సంగతంతా చెప్పుకునేదాకా నిలబడ్డారు. ఈలోపు పాప చనిపోయిందని కబురొచ్చింది. అయినా ఆ పాపనూ లేపారు. “ప్రభువుకు తొందర ఉన్నింది, కానీ తొందరపడలేదు. ఎవురి కోసం నిలబడాల్నో తెలిసినోడికే టైము విలువ తెలుస్తాది” అన్నారు సార్.

తర్వాత అపొస్తలుడు పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 5వ వచనం చదివించారు: “సమయము పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు, సంఘమునకు వెలుపటి వారియెడల జ్ఞానము కలిగి నడుచుకొనుడి.” సమయం గురించి ప్రసంగాలు నేను చాలా విన్నాను. సమయం సద్వినియోగం చేసుకోమని పౌలే ఎఫెసీ పత్రికలో రాసిన వచనమే అందరూ తీస్తారు. ఈ కొలొస్సయుల పత్రికలో మాత్రం ఆయన సమయాన్ని, మన గుడికి రాని పొరుగువాణ్ణి ఒకే వాక్యంలో కలిపాడు. కాణిపాకానికీ తిరుమలకూ దారిలో ఉన్న మన ఊళ్లో పెరిగిన క్రైస్తవుడికి ఇంతకంటే దగ్గరి వచనం ఇంకొకటి లేదని నా నమ్మకం.

రాయవేలూరు (వేలూరు) మిషన్ ఆసుపత్రి కథ కూడా సార్ ఈ సందర్భంలోనే చెప్పారు. 1853లో ఆర్కాటు మిషన్‌ను మొదలుపెట్టిన అమెరికా మిషనరీలు స్కడ్డర్ల ఇంటి ఆడపిల్ల ఐడా. తిండివనంలో ఒక్క రాత్రిలో ముగ్గురు మగవాళ్లు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం రమ్మని ఆమెను పిలిచారు. ఆమెకు వైద్యం రాదు. డాక్టరైన తండ్రి వస్తానంటే, పరాయి మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. తిరిగి అమెరికా వెళ్లిపోయి అక్కడే స్థిరపడదామనుకున్న ఐడా, డాక్టర్ చదువుకుని వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. మనలో ఆ ఆసుపత్రి మెట్లెక్కని కుటుంబం ఎంత వెతికినా దొరకదు.

ఆదివారం మధ్యాహ్నం సార్ మా పుస్తకాలు మూయించేవారు, పరీక్షలున్నా సరే. పడుకోండి, లేదంటే ఆడుకోండి అనేవారు. ఆరోగ్యవరంలో విశ్రాంతితో ప్రాణం నిలిచిన మనిషి ఆ మాట చెప్తే మేము మారుమాట్లాడలేదు.

చదువయ్యాక నాకు పోస్టల్ డిపార్ట్‌మెంటులో ఉద్యోగం వచ్చింది. అది పూర్తిగా గడియారం ఉద్యోగం. మెయిల్ బ్యాగు కట్టి, లక్క సీలు వేసి బస్సు వేళకు అందించకపోతే ఊరంతటి ఉత్తరాలు ఆగిపోతాయి. లెక్కలు ముందే సర్దేసుకుని కౌంటరు దగ్గర కొంత తీరిక మిగుల్చుకోవడం నాకు సార్ దగ్గరే అలవాటైంది. ఉపాధి హామీ కూలి డబ్బులు పోస్టాఫీసులో ఇచ్చే రోజుల్లో, మిషన్ మీద వేలిముద్ర పడని ముసలమ్మలు వచ్చేవాళ్లు. పార పట్టీ పట్టీ వేలి గీతలు అరిగిపోయిన చేతులు అవి. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఇంకో వేలు పెట్టించి, మళ్లీ మొదటి వేలు. లైన్లో టెన్షన్ పెరిగేది. ఆ పనిని నేను ప్రార్థన లాగే చేశాను. “దేవుడు నిన్ను సల్లగా సూడల్ల నాయనా” అని ఒకామె అన్న రోజు, ఇంటికెళ్లి ఆమె పేరు నా పుస్తకంలో రాసుకున్నాను. అవును, అలాంటి పుస్తకం నాకూ ఉంది.

మన క్రైస్తవుల గురించి ఒక మాట మనసు విప్పి చెప్పాలి. ఉజ్జీవ సభ ఆరింటికి అని కరపత్రం వేసి ఏడున్నరకు మొదలుపెడతాం. కూలి పని నుంచి నేరుగా వచ్చి కూర్చున్న అక్క చివరి బస్సు పోతుందని వాక్యం మధ్యలోనే లేచి వెళ్లిపోతుంది. ఎదుటివాళ్ల సమయాన్ని దొంగిలించి దేవునికి కానుక వేయడం ఏం భక్తి? సార్ ఆదివారం ఆరాధనకు పిల్లల్ని ఐదు నిమిషాలు ముందుగా కూర్చోబెట్టేవారు, ముగిసే వేళకు ముగించమని పాస్టరు అయ్యగారిని కూడా వినయంగా అడిగేవారు. ఇప్పుడు ఫోన్లు వచ్చాయి. వేకువనే లేచినా చేయి బైబిల్ కంటే ముందు ఫోన్ మీదికి పోతుంది. మార్కు 1వ అధ్యాయంలో ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థనకు వెళ్లారు. ఆ తర్వాతే జనం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆ క్రమం తలకిందులైతే రోజంతా చిరాకే మిగులుతుంది, ఇది నేను నా ఇంట్లోనే చూస్తున్నాను.

మన పూర్వ విద్యార్థుల సంఘం ఈసారి హాస్టల్ పైకప్పు కోసం చందాలు అడిగింది. ఇచ్చాం, ఇంకా ఇద్దాం. నేను అడిగేది మీ గంట. ఇప్పుడు హాస్టల్లో ఉన్న పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు బెంగళూరులో కూలి పనులకు వెళ్లినవాళ్లే, శని ఆదివారాల్లో వాళ్లను చూడ్డానికి ఎవరూ రారు. పదో తరగతి వాళ్లకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాళ్లు కావాలి. చిన్నవాళ్లకు పక్కన కూర్చుని వినేవాళ్లు చాలు. శనివారాలు సాయంత్రం ఐదు గంటలకు నేను చింతచెట్టు కింద ఉంటాను. చిత్తూరులో, తిరుపతిలో స్థిరపడిన మన బ్యాచ్‌ల వాళ్లు నెలకు ఒక శనివారం వంతు తీసుకున్నా నాకు బోలెడంత సాయం. ఏ వారం వస్తారో హాస్టల్ ఆఫీసులో పేరు రాయించండి, ఆ రోజు ఆలస్యం చేయకుండా రండి. పిల్లలు ఐదింటికే వచ్చి కూర్చుంటున్నారు.