కొండ లేని కోనసీమలో ఎంటీబీ: ఎస్.యానాం పర్ర, సరుగుడు తోటలు

కోనసీమలో మౌంటెన్ బైక్ (ఎంటీబీ, కొండదారుల్లో తొక్కే సైకిల్) ఎందుకురా, ఎక్కడానికి దిబ్బ కూడా లేదు కదా అని అడగనివాళ్ళు తక్కువ. మారేడుమిల్లి ఘాట్ కూడా తొక్కాను నేను, అక్కడ ఎంత ఎక్కినా తర్వాత దిగుడు ఉంటుంది, కాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది. ఎస్.యానాం నుంచి ఓడలరేవు వైపు పర్ర (తీరం వెంట ఉండే ఉప్పునేల) మీద వెళ్తే దిగుడన్నదే లేదు, తొక్కడం ఆపితే బండి అక్కడే నిలబడిపోతుంది. నా వరకు ఇదే కష్టమైన రైడ్.

మొన్నామధ్య నేనూ మా బావా వెళ్ళాం. తెల్లారకముందే అమలాపురంలో బయల్దేరి ఉప్పలగుప్తం దాకా కాలవగట్లు, కొబ్బరితోటలు, దాళ్వా ఊడ్పులైన చేలు, ఇదంతా వార్మప్ అంతే.

అసలు పని పర్ర దగ్గర మొదలవుద్ది. పెద్ద పోటుకి సముద్రం నీళ్ళు ఎక్కి దిగే ఉప్పునేల అది, కనుచూపు మేర చెట్టుండదు, ఇలకూర అనే ఉప్పునేల మొక్క ఎర్రగా పాకి ఉంటుంది. మిగతా చోట్ల ఉప్పు పేరుకుని తెల్లగా గట్టిగా కనిపిస్తుంది, నమ్మకూడదు, పైపొర అప్పడంలా విరిగి చక్రం కింద బంకమట్టిలోకి దిగిపోద్ది, ఆ బంక టైరుకీ, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకీ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు. ఇలకూర ఉన్న చోట నేల కాస్త గట్టి, దాన్ని పట్టుకునే వెళ్ళాలి, లైట్ గేర్‌లో, బరువు వెనక్కి వేసి, హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పకుండా. వానాకాలంలో అయితే అసలు అటు వెళ్ళొద్దు.

మురుగు కాలవ మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. "అటెల్లకండి బాబూ, మొగ కాడ ఊబుందండి, ఎనక్కెల్లి వంతెన మీంచి రండి" అన్నాడు. చుట్టు తిరిగి వెళ్ళాం. ఈ తీరంలో మ్యాప్ కన్నా అక్కడి మనుషుల మాటే వినాలి, మొగలు ఏడాదికోచోటికి జరుగుతాయి.

తర్వాత సరుగుడు తోటలు. నీడ, గాలి హోరు, ప్రాణం లేచొస్తుంది గానీ నేలంతా రాలిన సరుగుడాకు, దాని కింద పొడి ఇసక, వేళ్ళు ఎక్కడున్నాయో కనపడవు. టైర్లు 2.25 ఇంచులవి, ట్యూబ్‌లెస్, గాలి 20 పీఎస్‌ఐకి దించితే గానీ బండి తేలలేదు. అంచుల్లో సర్కారు తుమ్మ ముళ్ళు, టైర్లో చిల్లు పూడ్చే సీలెంట్ లేకుండా వెళ్ళకండి. ఈ తోటలు తుపాను గాలికి అడ్డం. 1996 నవంబరు 6 తుపానుకి కూలిన కొబ్బరిచెట్ల గురించి మా నాన్న ఇప్పటికీ చెప్తారు, అందుకే ఎక్కడైనా సరుగుడు నరికేసి ఖాళీగా కనిపిస్తే నాకు భయమేస్తుంది. పర్ర కూడా ముక్కలుముక్కలుగా రొయ్యల చెరువులైపోతోంది, మేం ఇదివరకు తిన్నగా తొక్కిన చోట ఇప్పుడు గట్లూ, చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్లూ. పోటు నీళ్ళు పరుచుకోవడానికి ఉన్న చోటది, అదీ పోతే నీళ్ళు ఊళ్ళోకే కదా వచ్చేది.

చివర్లో బీచ్. పాటు సమయానికి, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు చేరేలా చూసుకోండి, తడి ఇసక రోడ్డులా గట్టిగా ఉంటుంది, పాటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుద్ది కాబట్టి పోయినవారం టైము ఈవారం పనికిరాదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట పొడి ఇసకలోకి వచ్చి గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో పైఇసకలో బండి ఎక్కించకండి, చీకట్లో అసలే వద్దు. పది దాటాక పైరగాలి ఎదురు తిరిగింది, ఓడలరేవు కనపడుతూనే ఉంది, దగ్గరికి రాదే! బావ మాట్లాడటం మానేశాడు, నేనూ అంతే.

ఇంటికెళ్ళగానే స్నానం కన్నా ముందు బండి మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, చెయిన్‌కి ఆయిల్ పెట్టండి, ఒక్క రాత్రి ఆగినా ఉప్పుకి తుప్పు పట్టేస్తుంది. వేసవి ముదరకముందే బోడసకుర్రు వంతెన దాటి అంతర్వేది వైపు వెళ్దామంటున్నాడు బావ.