స్కానర్‌కు పడుగు కనబడదు

బీటెక్‌లో కంప్యూటర్స్ చదివి, ఇంగ్లండ్ పోయి, అక్కడ ఒక యూనివర్సిటీలో జంపఖానాల మీద పని చేస్తున్నానంటే వరంగల్ కొత్తవాడలో మా వాళ్లు ఇప్పటికీ నమ్మరు. "నేసుడు ఇడిసిపెట్టి సదువుకుంటివి, మళ్ల గదేనా బిడ్డా?" అని మా కాక ఒకటే నవ్వు.

పాత నేతల డిజైన్లను స్కాన్ చేసి దాచడం, వాటి చరిత్ర రాయడం, వాటితో నేసేవాళ్లు సొంత వ్యాపారం ఎలా పెట్టుకోవచ్చో చూడడం, ఇదీ మా ప్రాజెక్టు. కంప్యూటర్ వాళ్లం ఇద్దరం, చరిత్ర విభాగం నుంచి ఒకామె, బిజినెస్ స్కూల్ నుంచి ఒకాయన. మొదట్లో ఒకరి మాట ఒకరికి ఎక్కేది కాదు. డిజైన్ అంటే నాకు పిక్సెళ్లు, ఆమెకు ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది, ఆయనకు రేటు. 1851లో లండన్ ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీలు వచ్చాయని ఆమె చెప్తేనే నాకు తెలిసింది. అవి పైన కుచ్చు లేచి ఉండే తివాచీలు, మా చదును జంపఖానాలు కావు, అయినా సిగ్గేసింది.

పోయిన డిసెంబర్‌లో ఇంటికొచ్చినప్పుడు లాప్‌టాప్‌లో స్కాన్ చూపిస్తే కాక దగ్గరికి జరిగి చూసి, "పేక ఒక్కటే వచ్చింది గదా, పడుగేది?" అన్నాడు. నిజమే. మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టేవి పడుగు పోగులు, వాటి మధ్య అడ్డంగా నేసేది పేక. జంపఖానాలో పేకను దట్టంగా కొడతారు కాబట్టి పడుగు మొత్తం కప్పుకుపోతుంది, ఎంత మంచి కెమెరా పెట్టినా పైరంగులే పడతాయి. పడుగు ఏ నూలు, అంగుళానికి ఎన్ని పోగులు అన్నది మా రెండేళ్ల డేటాలో ఎక్కడా లేదు. కాకను అడిగితే నిమిషంలో చెప్పాడు.

తర్వాత అనుమతి ఫారం తీశాను. "మా బొమ్మను ఎవడన్న మిషన్ మీద కొట్టుకుంటే ఎవన్ని అడగాలె?" అన్నాడు కాక. 2018లోనే వరంగల్ జంపఖానాలకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కదా అన్నాను, తెలివిగా. కానీ జీఐ కాపాడేది పేరును. అదే బొమ్మను ఇంకోచోట పవర్‌లూమ్ మీద నేసి వేరే పేరుతో అమ్మితే దాంతో ఆపలేం.

తిరిగెళ్లాక మీటింగ్‌లో ఇదే అడిగాను. డబ్బిచ్చేవాళ్లు డేటా అందరికీ తెరిచి పెట్టమంటారు, నేసేవాళ్ల సొసైటీ ఒప్పుకునేదాకా పెద్ద ఫైళ్లు ఇవ్వొద్దని నేనంటాను. సెప్టెంబర్‌లో నా కాంట్రాక్టు అయిపోతుంది, వీసా దానికే ముడిపడి ఉంది, అందుకే గట్టిగా మాట్లాడాలంటే టెన్షనే. చరిత్ర ఆమె మాత్రం నా వైపే ఉంది. ఫారం తెలుగులో మళ్లీ రాసి పంపాను.

కాక ఇంకా సంతకం పెట్టలేదు.