ఇంటి యాంప్లిఫయర్‌లో గెయిన్ ఎక్కడ ఆపాలి?

సద్దుల బతుకమ్మ తెల్లారి రిపేరుకొచ్చే బాక్సులు విప్పి చూడండి. ఊఫర్ (బాస్ పాడే పెద్ద స్పీకర్) బాగానే ఉంటుంది, ట్వీటర్ (పై స్వరాలు పాడే చిన్న స్పీకర్) కాయిల్ మాడిపోయి ఉంటుంది. "యాంప్లిఫయర్ పవర్ ఎక్కువైంది" అని తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. పవర్ చాలక యాంప్లిఫయర్ క్లిప్ అవుతుంది. సప్లై వోల్టేజీని దాటి సిగ్నల్ పైకి పోలేదు కాబట్టి తరంగం తల తెగి చదునవుతుంది. సైన్ తరంగం పూర్తిగా చదరమైపోతే, పీక్ అంతే ఉన్నా పవర్ రెట్టింపవుతుంది. అప్పటికే నిండిపోయిన బాస్‌కు పెరిగే చోటుండదు, పై స్వరాలు మాత్రం నాబు తిప్పినకొద్దీ పెరుగుతూనే ఉంటాయి. 50 వాట్ల బాక్సులో ట్వీటర్ ఓర్చుకునేది ఏ ఐదో పదో వాట్లు. అందుకే ముందు అదే పోతుంది.

గెయిన్ నాబును ఇంకో వాల్యూమ్ నాబు అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. గెయిన్ పెంచితే కొత్తగా వాట్లు పుట్టవు. ఎంత సిగ్నల్ వస్తే యాంప్లిఫయర్ తన పూర్తి శక్తికి చేరాలో అది నిర్ణయిస్తుంది, అంతే. వాట్ల లెక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే తేలిపోతుంది.

మామూలుగా కట్టించుకునే సెట్టు ఒకటి తీసుకుందాం: రెండు టీడీఏ 7294 ఐసీ బోర్డులు, 24-0-24 వోల్టుల 5 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, 8 ఓమ్ బాక్సులు. ఇంట్లో కరెంటు 230 ఉంటే రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది) తర్వాత ప్లస్ మైనస్ 33 వోల్టులు వస్తాయి. లోడు పడగానే రెండు మూడు వోల్టులు దిగుతాయి, ఐసీ తన కోసం ఇంకో రెండు మూడు మింగుతుంది. స్పీకర్ దాకా వచ్చే పీక్ 28. దాన్ని 1.414తో భాగిస్తే 20 వోల్టుల ఆర్ఎంఎస్, అంటే పవర్ లెక్కకు పనికొచ్చే వోల్టేజీ. 20ని 20తో హెచ్చవేసి 8తో భాగిస్తే 50 వాట్లు. డబ్బా మీద 5000 పీఎంపీఓ (ప్రచారానికి ఊదరగొట్టే వాట్లు) స్టిక్కర్ అంటించినా ఒక్కో ఛానెల్‌కు వచ్చేది ఆ 50 వాట్లే.

ఇప్పుడు గెయిన్. ఆ బోర్డు మీద ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు సాధారణంగా 22కే (22 వేల ఓములు), 680 ఓములు. 22000ను 680తో భాగించి ఒకటి కలిపితే 33 రెట్లు, అంటే దాదాపు 30 డీబీ (డెసిబెల్). కాబట్టి పూర్తి 20 వోల్టులు రావాలంటే ఇన్‌పుట్‌లో 0.6 వోల్టు చాలు. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి అర వోల్టు నుంచి ఒక వోల్టు దాకా వస్తుంది, దానికి ఇది సరిపోతుంది. సీడీ ప్లేయర్, మంచి డాక్ (డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె) అయితే 2 వోల్టులు ఇస్తాయి. అంటే 66 వోల్టులు అడిగినట్టు. 20కే నిండిపోయే కుండలో 66 పోస్తున్నాం. వాల్యూమ్ నాబు కొద్దిగా తిప్పగానే మోత, ఆ తర్వాత తిప్పేదంతా బొంగురు.

దీనికి బోర్డు మార్చనక్కర్లేదు. బోర్డు ఇన్‌పుట్ పాయింట్ దగ్గరే సిగ్నల్ వైరుకు వరుసగా ఒక 47కే పావు వాట్ రెసిస్టర్ సోల్డర్ చేయండి. బోర్డు మీద ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు ముందే 22కే ఉంటుంది, రెండూ కలిసి 2 వోల్టులను 0.64కు దించుతాయి. రెసిస్టర్ బోర్డుకు ఆనుకునే ఉండాలి. వైరుకు అవతలి కొసన పెడితే హమ్ (కరెంటు మూలుగు) లాగుతుంది. హిస్ (సుయ్‌మనే చప్పుడు) కూడా తగ్గాలంటే ఇంకో దారి ఉంది: 680 ఓమ్ తీసి 1కే వేస్తే గెయిన్ 23 రెట్లకు, అంటే 27 డీబీకి దిగుతుంది. అక్కడితో ఆపండి. ఈ ఐసీని 24 డీబీ కంటే కిందికి దించితే పాట లేకపోయినా లోపల ఊగిసలాట మొదలై హీట్‌సింక్ కాలుతుంది. కారణం తెలియక ఐసీ మీద ఐసీ మారుస్తూ పోతారు.

గెయిన్ నాబు ఉన్న సెట్టయితే మల్టీమీటర్‌తో పని అయిపోతుంది. ముందు స్పీకర్ వైర్లు విప్పండి. ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకుండా అవుట్‌పుట్ దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే. 100 దాటితే అనుమానించాలి, వోల్టుల్లో ఉంటే గెయిన్ సంగతి పక్కన పెట్టి రిపేరు చూసుకోవాలి. అలాంటి సెట్టుకు స్పీకర్ తగిలిస్తే కోన్ ఒక పక్కకు నెట్టుకుపోయి కాయిల్ కాలుతుంది.

తర్వాత ఫోన్‌లో 100 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టండి, రికార్డింగ్ స్థాయి 0 డీబీ, అంటే ఫైలులో పట్టే గరిష్ఠం. అందరూ 1000 హెర్ట్జ్ అంటారు కానీ, పసుపు రంగు 830 మోడల్ మీటర్ ఏసీ రేంజి 450 హెర్ట్జ్ దాకానే నమ్మకం. 1000 పెడితే తక్కువ చూపిస్తుంది, మీరు గెయిన్ ఎక్కువ పెట్టేస్తారు. ఈక్వలైజర్, బాస్ బూస్ట్ అన్నీ ఆపాలి. 6 డీబీ బూస్ట్ అంటే రెండింతల వోల్టేజీ, నాలుగింతల పవర్! సెట్టింగంతా చక్కగా చేసి, చివర్లో ఫోన్‌లో "సూపర్ బాస్" నొక్కితే మళ్లీ మొదటికే. బ్లూటూత్ బోర్డు ఉంటే ఫోన్ వాల్యూమ్ నిండా పెట్టి, బోర్డు వాల్యూమ్ మాత్రం చివరి నుంచి రెండు మూడు మెట్లు తగ్గించండి. చౌక బోర్డులు చివరి మెట్టులో తామే క్లిప్ అవుతాయి.

మీటర్‌ను ఏసీ 200 రేంజిలో అవుట్‌పుట్‌కు పెట్టి గెయిన్ మెల్లగా పెంచండి. ఎక్కడ ఆపాలో లెక్క ఇదీ: వాట్లను ఓములతో హెచ్చవేసి వర్గమూలం. ఇక్కడ వాట్లంటే యాంప్లిఫయర్, స్పీకర్ రెండింటిలో ఏది తక్కువైతే అది. 30 వాట్ల 8 ఓమ్ స్పీకర్‌కు 15.5 వోల్టులు. 50 వాట్లకు 20, కానీ 18 దగ్గర ఆపండి, ఎందుకంటే స్పీకర్ లేకుండా కొలిచేటప్పుడు సప్లై దిగదు. ఆ పదో వంతు తేడా ఒక డీబీ కంటే తక్కువ, చెవికి తెలియదు. నాబు మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టేయండి. ఆ టోన్‌ను మాత్రం అదే స్థాయిలో స్పీకర్‌కు ఇవ్వొద్దు. పాటలో పీకులు వచ్చి పోతుంటాయి, టోన్ విడవకుండా కాలుస్తుంది.

ఇక్కడ మన కరెంటు సంగతి కూడా చెప్పాలి. నాట్ల కాలంలో మోటర్లన్నీ ఒక్కసారి నడిచే పల్లెల్లో సాయంత్రం 190 వోల్టులు కనిపించడం వింత కాదు. ఈ సెట్టులో రెగ్యులేటర్ ఉండదు, కరెంటు ఎంత దిగితే సప్లై అంత దిగుతుంది. 33 కాస్తా 27 అవుతుంది, 50 వాట్లు 32కు పడిపోతాయి. అర్ధరాత్రి 240 ఉన్నప్పుడు పెట్టిన గెయిన్ రాత్రి ఏడింటికి క్లిప్ అవుతుంది. కాబట్టి మీ ఇంట్లో వోల్టేజీ బాగా తక్కువ ఉండే వేళ సప్లై ఎంతుందో కొలిచి, అప్పుడొచ్చే వాట్లతోనే లెక్క కట్టండి. రిలే స్టెబిలైజర్ పెడితే వోల్టేజీ సర్దుకుంటుంది కానీ, రిలే మారినప్పుడల్లా స్పీకర్‌లో టప్పుమంటుంది.

సెట్టు లోపల పెట్టి బాక్సులు వాకిట్లో పెట్టేవాళ్లు వైరు కూడా చూసుకోవాలి. ఒక చదరపు మిల్లీమీటర్ రాగి వైరు 20 మీటర్లు లాగితే, పోను రాను 40 మీటర్లు, దాదాపు 0.7 ఓమ్. 4 ఓమ్ బాక్సుకు అందే పవర్‌లో పావు వంతుకు పైగా తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి గెయిన్ పెంచుతారు, క్లిప్ చేస్తారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే గెయిన్ ముట్టుకునే పనే ఉండదు.

హమ్ సంగతికొస్తే, ముందు ఒక ఆర్‌సీఏ పిన్ తీసుకుని లోపలి కడ్డీని, బయటి రింగును కలిపి సోల్డర్ చేసుకోండి. వాల్యూమ్ సున్నా చేసినా హమ్ తగ్గకపోతే తప్పు నాబు తర్వాత ఉంది. తగ్గితే ఈ పిన్‌ను ఇన్‌పుట్‌లో గుచ్చి వాల్యూమ్ పెంచండి. అప్పుడు నిశ్శబ్దమైతే యాంప్లిఫయర్ మంచిదే, తప్పు బయటి వైరులోనో టీవీ వైపో ఉంది. హమ్ స్వరం కూడా దారి చూపిస్తుంది. 50, 100 హెర్ట్జ్ టోన్లు ఫోన్‌లో విని పోల్చండి. గరగరమనే 100 అయితే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి, లేదా సిగ్నల్ గ్రౌండ్‌ను రెక్టిఫయర్ దగ్గర్నుంచి తీశారు. రెండు కెపాసిటర్లు కలిసే చోటి నుంచి తీయాలి. మెత్తగా మూలిగే 50 అయితే ఎర్త్ లూప్ (రెండు ఎర్త్ దారులు కలిసి చుట్టు ఏర్పడటం), లేదా సిగ్నల్ వైరు ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి పోతోంది. సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వైరు విప్పగానే హమ్ ఆగితే లూప్ ఆ వైరు గుండానే. 600 ఓముల ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెడితే పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేసినా పోతుంది, నిజమే. రేపు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోతే ఇనుప డబ్బా మొత్తం 230 వోల్టులతో ఉంటుంది. ఆ పని చేయొద్దు.

ఐసీ మార్చినప్పుడు నేరుగా ప్లగ్గులో పెట్టకుండా 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఒకసారి వెలిగి మసకబారితే క్షేమం, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. ముందుగా చూడాల్సింది ఐసీ వీపు. 7294 లోహపు వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, మైకా షీటు, ప్లాస్టిక్ వాషర్ లేకుండా బిగిస్తే హీట్‌సింక్ గుండా డబ్బాకు షార్ట్. మైకాకు రెండు వైపులా తెల్ల పేస్ట్ పలచగా రాయాలి, వెన్నలా పట్టిస్తే వేడి దాటదు. రామగుండం వైపు మే నెలలో గది వేడే 40 దాటుతుంది. లోపల 145 డిగ్రీలకు ఈ ఐసీ తనంతట తాను మ్యూట్ అయి, చల్లారాక మళ్లీ పాడుతుంది. అరగంటకోసారి పాట ఆగి వస్తుంటే లూజ్ వైరు కోసం వెతక్కండి, పెద్ద హీట్‌సింక్ వేయండి.

సీ5200, ఏ1943 ట్రాన్సిస్టర్ల బోర్డు తక్కువ సౌండ్‌లోనే గొంతు జీరపోయినట్టు పాడితే బయాస్ (పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) తక్కువైనట్టు. స్పీకర్ విప్పి, 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద డీసీ కొలవండి. 10 మిల్లీవోల్టులు ఉంటే దాదాపు 45 మిల్లీఆంపియర్లు, అది చాలు. పావుగంట వేడెక్కనిచ్చి మళ్లీ చూడండి. ఎక్కుతూనే పోతుంటే బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కు తగలడం లేదు.

చిన్న డిజిటల్ బోర్డులు, ముఖ్యంగా టీపీఏ 3116, వేరే జాతి. అవుట్‌పుట్ తీగ ఒకదాన్ని గ్రౌండ్‌తో కొలిస్తే 24 వోల్టుల సప్లైకి 12 చూపిస్తుంది. బోర్డు పోయిందని పారేయకండి, దాని తీరే అంత. స్పీకర్‌కు పోయే రెండు తీగల మధ్య కొలవాలి, అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఎడమ, కుడి స్పీకర్ల మైనస్ తీగలను మాత్రం ఎప్పుడూ కలపొద్దు. ఈ ఐసీ గెయిన్ 20, 26, 32, 36 డీబీల్లో ఒకటిగా బోర్డు మీది రెండు చిన్న రెసిస్టర్లతో నిర్ణయమైపోతుంది. 2 వోల్టులిచ్చే డాక్‌కు 20 డీబీ సరిపోతుంది.