ధ్రువపు ఎలుగుబంటికి పది మార్కులు

గ్రూప్-1 ఫలితాలు వచ్చినప్పటి నుంచి తిరుపతి రీడింగ్ రూముల్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే అడుగుతా ఉన్నారు, మెయిన్స్ ఐదో పేపర్లో పర్యావరణం ఎట్లా చదవాలని. సిలబస్ మీకు తెలిసిందే. నేను ఒక్క టాపిక్ విప్పి చెప్తాను: ఆర్కిటిక్ ఆహార గొలుసులో బయోమాగ్నిఫికేషన్, అంటే ఒక జీవిని ఇంకొకటి తినే కొద్దీ మెట్టు మెట్టుకూ ఒంట్లో విషం పెరగడం.

నీళ్లు, చేప, గద్ద, డీడీటీ అనే పురుగుమందు, ఈ బొమ్మ అందరూ వేస్తారు. ఫ్యాక్టరీ అనేదే లేని చోటికి విషం ఎట్లా చేరింది? జవాబు అక్కడ మొదలుపెట్టండి. వెచ్చని దేశాల్లో చల్లిన మందు ఆవిరై, చల్లటి చోట దిగి, ఎండకు మళ్లీ లేచి, అంచెలంచెలుగా ఉత్తరానికి పోతుంది. ఇదే గ్రాస్‌హాపర్ ఎఫెక్ట్. అక్కడి చలికి మళ్లీ ఆవిరయ్యేది తక్కువ, విరిగిపోయేదీ తక్కువ.

గొలుసు పేర్లతో రాయండి: మంచు అడుగున పెరిగే శైవలాలు (నాచు), కోపెపాడ్లు అనే చిన్న రొయ్యల్లాంటి జీవులు, ఆర్కిటిక్ కాడ్ చేప, రింగ్డ్ సీల్, ధ్రువపు ఎలుగు. విషం మెట్టుకు 5 రెట్లు పెరుగుతుంది అనుకుంటే నాలుగు మెట్లకు 625 రెట్లు. అయితే సీల్ కొవ్వు ముక్కను, చేప మొత్తం శరీరాన్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. డీడీటీ లాంటివి కొవ్వులో చేరతాయి కాబట్టి, రెండింట్లోనూ గ్రాము కొవ్వుకు ఎంత అనే లెక్క కట్టాలి. చాలామంది జారేది ఇక్కడే.

అసలు మార్కులు దీని తర్వాతే. ఒక పదార్థం నీళ్ల కంటే కొవ్వులో ఎంత ఎక్కువ కరుగుతుందో చెప్పే కొలత లాగ్ కేఓడబ్ల్యూ. అది 5 దాటితే పేరుకుంటుందని అందరూ బట్టీ పడతారు. బీటా-హెచ్‌సీహెచ్ అనే పురుగుమందు పదార్థానికి అది దాదాపు 3.8 మాత్రమే, అయినా సీల్‌లో, ఎలుగులో పెరుగుతుంది. ఎందుకంటే చేప దాన్ని మొప్పల గుండా నీళ్లలోకి వదిలేస్తుంది. ఊపిరితిత్తులతో బతికే జంతువు గాలిలోకి వదల్లేదు, ఆ పదార్థం గాలి కంటే కొవ్వునే గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి. ఈ రెండు వాక్యాల కోసం ఒక సాయంత్రమంతా పోతే పోనివ్వండి. కట్టలకొద్దీ జిరాక్సులు మోసేవాళ్లు నవ్వినా సరే, నాకు పనికొచ్చింది ఇదే.

అన్నీ కొవ్వులోనే చేరతాయని మాత్రం రాయొద్దు. మిథైల్ మెర్క్యురీ (పాదరసం రూపం) కండలోని ప్రోటీన్లను పట్టుకుంటుంది, పీఎఫ్ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనం కాలేయంలో, రక్తంలో ఉంటుంది. మనుషుల ఉదాహరణకు కెనడాలో ఉత్తర క్యూబెక్‌లోని నునావిక్ ప్రాంతపు ఇనుయిట్ (ఆర్కిటిక్ ఆదివాసీ) తల్లుల పాలు చాలు. 1980ల్లో వాటిలో పీసీబీలు (ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన క్లోరిన్ రసాయనాలు) దక్షిణ క్యూబెక్ తల్లుల కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువ.

ఒప్పందాలకు రెండు లైన్లు మించొద్దు. విరిగిపోకుండా మిగిలే విషాల మీద స్టాక్‌హోమ్ 2001, అమల్లోకి 2004, మొదట 12 రసాయనాలు, భారత్ ఆమోదం 2006. పాదరసం మీద మినమాటా 2013, అమల్లోకి 2017, భారత్ ఆమోదం 2018. డీడీటీ మీద పూర్తి నిషేధం అని రాస్తే తప్పు. దోమల వంటి రోగవాహకాల నియంత్రణకు వాడుక మిగిలే ఉంది.

మన జిల్లా ఉదాహరణ ఇవ్వాలని పులికాట్ ఫ్లెమింగోలను పెడతా ఉంటారు. సూళ్లూరుపేట పండగకు అవి బాగుంటాయి గానీ ఇక్కడ సరిపోవు. అవి తినేది శైవలాలు, చిన్న రొయ్యల్లాంటి జీవులు, అంటే గొలుసులో కింది మెట్లు. నేలపట్టు గూడబాతును (పెలికాన్) రాయండి. అది చేపలు తినే పక్షి కాబట్టి, డీడీఈ (డీడీటీ విరిగితే వచ్చే పదార్థం) వల్ల గుడ్డు పెంకు ఎట్లా పలచబడుతుందో చెప్పడానికి సరిగ్గా కుదురుతుంది.