గీత పోయే దారి ముందే చూసుకోవాలి

ఎంబ్రాయిడరీ చేసేవారు దారాల గురించీ కుట్ల గురించీ ఎంతైనా మాట్లాడుకుంటారు గానీ, డిజైన్‌ను బట్ట మీదికి దించే పనికి అంత విలువ ఇవ్వరు. సగం పనితనం అక్కడే ఉందని నా నమ్మకం. కుట్టు పూర్తయ్యాక గీత దారం కింద దాగిపోతుందా, నీటితో పోతుందా, వేడితో పోతుందా, అసలు పోనే పోదా అన్నది తేల్చుకున్నాకే నేను పెన్ను చేతిలోకి తీసుకుంటాను.

నీటితో పోయే నీలి పెన్నుతో గీసిన బట్టను చల్లటి నీటిలో బాగా జాడించి, గీత పూర్తిగా పోయిందని నిర్ధారించుకున్నాకే ఇస్త్రీ చేయాలి. ముందే వేడి తగిలితే ఆ మరక స్థిరపడిపోవచ్చు. వేడితో మాయమయ్యే సిరా సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర రంగు కోల్పోతుందే తప్ప బట్టను వదిలిపోదు. సున్నాకు 10 డిగ్రీల దిగువకు చలి చేరితే ఆ గీతలు మళ్ళీ తేలడం మొదలవుతుంది. అందుకే నిండుగా కుట్టే చోట తప్ప దాన్ని నేను వాడను.

పలుచని లేత రంగు బట్టకైతే ఏ సరంజామా అక్కరలేదు. కాగితాన్ని పగటిపూట కిటికీ అద్దానికి అంటించి, దాని మీద బట్ట పరిచి, సన్నటి పెన్సిల్‌తో తేలికగా గీసుకుంటే చాలు. ముదురు బట్టకు కార్బన్ పేపర్ వాడతారు, కానీ అది బట్టల కోసం చేసిన తెలుపో పసుపో అయి ఉండాలి. రాతకు వాడే కార్బన్ పేపర్‌తో పడే జిడ్డు మరక ఒక పట్టాన పోదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చిల్లుల పద్ధతి. గట్టి ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీసి, కింద మందపాటి దుప్పటి మడత వేసి, గీత వెంబడే సూదితో ఒకటి రెండు మిల్లీమీటర్లకు ఒక చిల్లు చొప్పున పొడుచుకుంటూ పోవాలి. ఆకు కొన, తీగ మలుపు వంటి చోట్ల చిల్లులు మరింత దగ్గరగా పడాలి, లేకపోతే మొన మొద్దుబారి కనిపిస్తుంది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే డిజైన్ అంతా చుక్కల ముగ్గులా వెలుగుతుంది. ఎక్కడ తప్పిపోయిందో అప్పుడే తెలుస్తుంది. వెనకవైపు పొడుచుకొచ్చిన అంచులను సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే చిల్లులు తెరుచుకుంటాయి. ఇక కాగితాన్ని బట్ట మీద కదలకుండా పిన్నులతో బిగించి, లేత బట్టకు బొగ్గుపొడి, ముదురు బట్టకు సుద్దపొడి గుడ్డ ఉండతో గుండ్రంగా అద్ది, కాగితాన్ని నిట్టనిలువుగా పైకెత్తాలి. పొడి చెదరకముందే ఆ చుక్కలను పెన్నుతో కలపాలి. ఇటలీ చిత్రకారులు గోడల మీద బొమ్మలు దించడానికి ఇదే ఉపాయం వాడారు. రాఫెల్ 'స్కూల్ ఆఫ్ ఏథెన్స్' కోసం గీసిన పెద్ద నమూనా కాగితం మీద ఆ సూది చిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. చిల్లులు పొడవడానికి ఓపిక కావాలి, నిజమే, కానీ ఒక్క కాగితం ఎన్నోసార్లు పనికొస్తుంది. తిరగేసి వేస్తే ఎడమవైపు డిజైన్ కుడివైపుకూ సరిపోతుంది.

ఏ పద్ధతైనా బట్టను ముందు తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసుకోవాలి, ఎందుకంటే డిజైన్ దించాక బట్ట కుంచించుకుంటే కొలతలు మారిపోతాయి. నాలుగు మడతలు వేసి నడిమి గుర్తు పెట్టుకుని, డిజైన్ నిలువు గీతను పడుగు పోగుతో కలపాలి. బట్టను ఫ్రేములో బిగించి గీయడం నాకు నచ్చదు. లాగి బిగించిన బట్ట మీద గుండ్రంగా ఉన్న పువ్వు, విప్పగానే కోలగా మారుతుంది.

మఖమల్ మీద మాత్రం గీతా నిలవదు, పొడీ నిలవదు. దానికి పలుచని టిష్యూ కాగితం మీద డిజైన్ గీసి, బట్టకు చుట్టూ టాకాలు వేసి, గీతల వెంట సన్నటి దూరపు కుట్టు వేసుకోవాలి. తర్వాత కాగితాన్ని కుట్టు వైపుకే లాగి చింపాలి. కుట్టుకు ఎదురుగా లాగితే పోగులు వదులవుతాయి.