మాస్క్ కుదరడానికి నాకు తొమ్మిది వారాలు పట్టింది

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి పెట్టుకునే మాస్క్‌తో నిన్న రాత్రి ఆరున్నర గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే ముక్కు మీద ఎర్ర గీత లేదు. తొమ్మిది వారాల్లో ఇదే మొదటిసారి. ఆ సంతోషం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

స్లీప్ టెస్ట్ పెద్ద కష్టమేం కాదు. ఒంటి నిండా వైర్లు అతికించి పడుకోబెట్టారు, తెల్లారాక పీకేశారు. నిద్రలో గంటకు సగటున 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని తేలింది. 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా కింద లెక్క. డాక్టరుగారు సీపాప్ మిషన్ రాశారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోకుండా, ఒత్తిడితో గాలి పంపి తెరిచి ఉంచే మిషన్ అది. వారంలో ఇంటికి వచ్చింది, ప్రెషర్ 11కి పెట్టారు. ఇంతవరకూ సాఫీగానే సాగింది.

అసలు బాధంతా మాస్క్‌తోనే. మిషన్ అమ్మిన దుకాణం నుంచి వచ్చి, దాని గురించి అరగంట చెప్పిన మనిషి మాస్క్‌కి రెండు నిమిషాలు కూడా పెట్టలేదు. నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మిషన్ ఆన్ చెయ్యకుండానే ముఖానికి తగిలించి, "మీడియం సరిపోతుంది సార్, అందరికీ అదే ఇస్తాం" అని వెళ్లిపోయాడు.

మొదటి రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఎడమ కంట్లోకి గాలి కొడుతోంది. పట్టీలు బిగించాను. కాసేపటికి కుడి కంట్లోకి మొదలైంది. ఇంకా బిగించాను. ఐదో రోజుకి ముక్కు దూలం మీద చర్మం కమిలి, లేచిపోయింది. అక్కడ నీళ్లు తగిలితే చురుక్కుమనేది. ఆఫీసులో అడిగినవాళ్లందరికీ కళ్లజోడు ఒరుసుకుందని చెప్పాను.

పుండు మానకుండానే మాస్క్ పట్టుకుని ఆ దుకాణానికే వెళ్లాను. లోపల నలుగురు కూర్చుని ఉన్నారు. అతను వాళ్ల ముందే నాకు మాస్క్ పెట్టి, వెనక నుంచి పట్టీలు రెండు చేతులతో లాగి, "మీది చప్పిడి ముక్కు సార్, మాస్క్ ఏం చేస్తుంది?" అన్నాడు. ఒకాయన నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. నాకు మాట రాలేదు. యాభై ఏళ్లుగా ఇదే ముఖంతో బతుకుతున్నాను, దాన్ని ఒకడు లోపమని చెప్పడం ఇదే మొదలు. ఇంటికొచ్చి మిషన్‌ని అల్మారాలో పెట్టేశాను. పదకొండు రోజులు ముట్టుకోలేదు. ఆ పదకొండు రాత్రులూ మా ఆవిడ నిద్రపోలేదు. నా ఊపిరి ఆగినప్పుడల్లా భుజం తట్టి లేపుతూనే ఉంది. ఆమె కోసమే మళ్లీ స్లీప్ ల్యాబ్‌కి వెళ్లాను.

అక్కడ ఒక పెద్దావిడ టెక్నీషియన్ ఉన్నారు. నా పుండు చూసి ముందు దూదితో శుభ్రం చేశారు. తర్వాత నన్ను మంచం మీద పడుకోబెట్టి, మిషన్‌ని నా ప్రెషర్ మీదే ఆన్ చేసి, పట్టీలన్నీ వదులు చేశారు. "ఎందుకండీ ఇంత బిగించారు? ముఖానికి ఆనే ఈ మెత్తటి కుషన్‌కి రెండు పొరలుంటాయి. లోపలి పొర గట్టిది, బయటిది పల్చన. గాలి ఆ పల్చటి పొరను ఉబ్బిస్తేనే అది చర్మాన్ని పట్టుకుంటుంది. మీరు బిగించి దాన్ని నొక్కేస్తున్నారు, అందుకే మడతపడి లీక్ అవుతోంది" అన్నారు. ఒక్కసారి మాస్క్‌ని ముఖం మీంచి కాస్త లేపి వదిలారు. కుషన్ తనంతట తనే సర్దుకుని కూర్చుంది. నెలన్నరగా నేను చేసిందంతా తిరగేసి చేశానని అప్పుడు అర్థమైంది.

అయినా లీక్ పూర్తిగా పోలేదు. ఆవిడ కాగితపు కొలత ముక్కుకి ఆనించి చూశారు. నా ముక్కు వెడల్పు ఎక్కువ, దూలం ఎత్తు తక్కువ. ఆ మోడల్‌లో సైజు పెరిగితే వెడల్పు, పొడవు రెండూ కలిసే పెరుగుతాయి. పెద్దది పెడితే కళ్ల దగ్గరికి పోతుంది, చిన్నది పెడితే ముక్కుపుటాలు నలుగుతాయి. మీడియం ఎంత బిగించినా దూలం దగ్గర సందు మిగులుతుంది. ఇది నా ముక్కు తప్పా?

ఒక్క మాట చెప్పాలి. సీపాప్‌ని కనిపెట్టింది ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివన్. 1980లో సిడ్నీలో మొదలుపెట్టి, 1981లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఆ తొలిరోజుల్లో ఒక్కో రోగి ముక్కుకి అచ్చు తీసి, ఆ అచ్చుతో మాస్క్ చేసి, రోజూ రాత్రి జిగురుతో అతికించేవారు. రోజూ జిగురంటే నరకమే, ఒప్పుకుంటాను. కానీ ముఖం కొలిచాకే మాస్క్ చెయ్యాలన్న బుద్ధి మొదటిరోజే ఉంది. ఇవాళ ముఖాన్ని స్కాన్ చేసే సదుపాయం ఉండి కూడా "అందరికీ మీడియం" అనేవాళ్లని క్షమించలేను.

ఆవిడ నాకు దూలాన్ని అసలు తాకని రకం ఇచ్చారు. కుషన్ ముక్కు కింద ఆనుతుంది, నేను నోరు తెరిచి నిద్రపోతాను కాబట్టి నోటిని కూడా కప్పుతుంది. గొట్టం నడినెత్తి మీద తగులుకుంటుంది. గాలి రెండు చెంపల పక్కనుంచీ వస్తుంది, ఒకవైపు తిరిగి పడుకుని అటు నలిగినా రెండోవైపు నుంచి అందుతుంది. వెల్లకిలా ఒకసారి, ఇటూ అటూ ఒకసారి పడుకోబెట్టి చూశాకే పంపారు. పడుకుంటే చెంపలు కిందికి జారి ముఖం ఆకారమే మారిపోతుందట. కుర్చీలో కూర్చోబెట్టి మాస్క్ అమ్మే చోట ఒక్క నిమిషం కూడా ఉండకండి.

పట్టీల క్లిప్పుల్లో అయస్కాంతాలుండే మాస్కులున్నాయి. పేస్‌మేకర్ లాంటివి మీకే కాదు, పక్కన పడుకునేవాళ్లకి ఉన్నా ముందే చెప్పండి. ఇంకొకటి, మాస్క్ మీద సన్నటి రంధ్రాలుంటాయి. మనం వదిలిన గాలి బయటికి పోయేది వాటిలోంచే. ఆ బుస్సుమనే చప్పుడు లీక్ అనుకుని నేను ఒక రాత్రి టేప్ వేశాను, తలనొప్పితో లేచాను. ఆవిడకి చెబితే గట్టిగా కోప్పడ్డారు. వదిలిన గాలినే మళ్లీ పీలిస్తే ప్రమాదం, ఆ పని ఎవరూ చెయ్యొద్దు. కుషన్ రోజూ కడగండి, ముఖం జిడ్డు పట్టిందంటే జారుతుంది.

ఇప్పుడు చీకట్లో చప్పుడు విని ఏ మూల లీక్ అవుతోందో చెప్పగలను. మిషన్ ఇచ్చిన నిన్నటి రిపోర్టులో గంటకు 38 కాస్తా 3 అయింది. పట్టీలు ఉతికాక మళ్లీ ఎక్కువ బిగించకుండా, ఎక్కడిదాకా లాగాలో పెన్నుతో గీతలు పెట్టుకున్నాను. ఇవాళే ఉతికి ఆరేశాను, రాత్రికి ఆరాలి.