ఇరవై డిగ్రీలంట!

పడుకుందామంటే ఒకటే అంకె సతాయిస్తా ఉంది: 20. ఇంట్లో నలుపు-తెలుపు ఫిల్ము డెవలప్ చేసేదానికి ఏ చార్టు తీసినా మందు వేడి 20 డిగ్రీలే. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకు డీ-76 డెవలపర్ (బొమ్మను తేల్చే మందు), సమానంగా నీళ్లు కలిపితే 11 నిమిషాలు. ఆ చార్టు రాసినాయన మే నెలలో కర్నూలుకొచ్చి మా మిద్దె మీది ట్యాంకు నీళ్లు ముట్టుకోవాల.

ఐసు వేయొచ్చు. డెవలపర్‌లో కాదు, సీసా చుట్టూ టబ్బులో. లోపల పడితే మందు పలచనవుతుంది. (ఐసు ట్రే ఖాళీ అయితే మా ఇంట్లో గొడవే.) అసలు తంటా కడిగేటప్పుడు. డెవలపర్ 20, కుళాయి నీళ్లు 35 అయితే ఫిల్ము మీది జెలటిన్ పొర ఉబ్బి మెత్తబడుతుంది. ఇప్పటి ఫిల్ములు ముడతలు పడేది తక్కువే గానీ, వేళ్లతో నీళ్లు దులిపితే గీతలు పడతాయి.

ఊటీలో తయారైన ‘ఇందు’ ఫిల్ముల కాలంలో డార్క్‌రూముల్లో దీనికి విరుగుడు, జెలటిన్‌ను గట్టిపరిచే పటిక. క్షవరం అంగట్లో ఉండే పటికే. దాన్ని ఫిక్సర్‌లో, అంటే డెవలపర్ తర్వాత బొమ్మను నిలబెట్టే మందులో, కలిపేవాళ్లు. కొడాక్ ఎఫ్-5 ఫిక్సర్ లెక్క: లీటరుకు హైపో (సోడియం థయోసల్ఫేట్) 240 గ్రాములు, సోడియం సల్ఫైట్ 15, 28 శాతం అసిటిక్ యాసిడ్ 48 మి.లీ., బోరిక్ యాసిడ్ ఏడున్నర గ్రాములు, ఆఖరున పటిక 15. ఒకటి పూర్తిగా కరిగినాకే ఇంకొకటి. యాసిడ్ చాలకపోతే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, అది ఫిల్ముకు అంటుకుంటే వదలదు. తలుపు వేసినా ఆ పుల్లటి ఘాటు వీధి అరుగు దాకా వచ్చేది.

రేపు పటిక తెప్పిద్దామనే ఇది రాయడం మొదలుపెట్టినా. ఇక్కడికొచ్చేసరికి వద్దనిపిస్తా ఉంది. పటికతో గట్టిపడిన ఫిల్మును చాలాసేపు కడగాల. పటిక లేని ఫిక్సరైతే ఫిల్ము ఉండే డబ్బాను మూడుసార్లు నీళ్లతో నింపి, 5, 10, 20 సార్లు తిరగేస్తే చాలు. ఈ ఎండల్లో ఎవరిస్తారు అన్ని నీళ్లు?

20ని పట్టుకుని వేలాడేదే తప్పు. మట్టికుండ నీళ్లలో నాలుగు ఐసు ముక్కలేసి అన్నిటినీ, కడిగే నీళ్లతో సహా, 24కు తేవడం సులువు. ఆ వేడికి మందు త్వరగా పనిచేస్తుంది గనక 11 నిమిషాలు ఏడున్నరకు దిగుతాయి. ఐదు నిమిషాల లోపలికి పోనీయకూడదు, ఫొటోలో ఆకాశం మరకలు మరకలుగా వస్తుంది. చివరి తడుపు మాత్రం ఇన్వర్టర్‌కు పోసే డిస్టిల్డ్ వాటర్‌తోనే. బోరు నీళ్లయితే సున్నపు చుక్కలు.

కొండారెడ్డి బురుజు ఫొటోల ఫిల్ము ఇట్లా చేస్తే బాగా వచ్చింది, రాళ్ల సందులతో సహా. ఉక్కపోత రోజు కుండ చల్లబడదు, అప్పుడు ఐసు రెండింతలు. ట్రే సంగతి పొద్దున మాట్లాడాల.